ప్రాక్సిమిటీ సెన్సర్ ఆఫ్‌లో ఉన్నా 8 వోల్టులు, పీఎల్‌సీకి కలిపితే 4.8 వోల్టులే: సెన్సర్ పోయినట్టేనా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. ఎం12 (12 మిల్లీమీటర్ల మర సైజు) ఇండక్టివ్ ప్రాక్సిమిటీ సెన్సర్, అంటే తాకకుండానే దగ్గరి మెటల్‌ను గుర్తించేది, మూడు వైర్లు, పీఎన్‌పీ (ఆన్ అయితే ప్లస్ ఇచ్చేది), నార్మల్లీ ఓపెన్ (మెటల్ లేనప్పుడు ఆఫ్), సప్లై 24 వోల్ట్ డీసీ. బ్లాక్ వైరును (అవుట్‌పుట్) పీఎల్‌సీ (మెషీన్‌ను నడిపే కంట్రోలర్) నుంచి విప్పేసి బ్లూ వైరుతో (జీరో) కొలిస్తే, మెటల్ ఎదురుగా ఉన్నప్పుడు 23 వోల్టులు వస్తోంది. మెటల్ తీసేస్తే సున్నా కావాల్సింది 8 దగ్గర, ఒక్కోసారి 11 దగ్గర ఆగుతోంది. అదే వైరు తిరిగి ఇన్‌పుట్‌కు బిగిస్తే సెన్సర్ మీద ఎల్‌ఈడీ వెలుగుతోంది గానీ ఇన్‌పుట్ లైట్ వెలగట్లేదు. ఇన్‌పుట్ టెర్మినల్‌కీ పీఎల్‌సీ కామన్‌కీ (ఇన్‌పుట్లకు ఉమ్మడి టెర్మినల్) మధ్య 4.8 వోల్టులే ఉంది. కొత్త సెన్సర్ వేసినా అదే వరస.

సెన్సర్ పోలేదు. మీరు రెండు వేర్వేరు విషయాలను ఒకే ఫాల్ట్ అనుకుంటున్నారు. ఆఫ్‌లో కనిపించే 8, 11 వోల్టులు అసలు ఫాల్టే కాదు, లోడ్ (కరెంటు లాగే ఇన్‌పుట్ లేదా రెసిస్టర్) లేకుండా కొలిచినందుకు వచ్చిన ఉత్తుత్తి వోల్టేజీ. పీఎల్‌సీకి కలిపినప్పుడు 23 కాస్తా 4.8కి పడిపోవడమే అసలు ఫాల్ట్. అది సెన్సర్‌కీ ఇన్‌పుట్‌కీ మధ్య దారిలో ఎక్కడో ఉంది. చాలావరకు కనెక్టర్ గానీ, టెర్మినల్ గానీ, లోపల తెగిన వైరు గానీ అయి ఉంటుంది. సెన్సర్ మార్చినా రీడింగ్ మారలేదంటే అది కూడా ఈ మాటే చెబుతోంది.

ముందు ఆ 8 వోల్టుల సంగతి. పీఎన్‌పీ సెన్సర్ లోపల అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ బ్రౌన్‌కూ (ప్లస్ వైరు) బ్లాక్‌కూ మధ్య ఉంటుంది. ఆన్ అయితే బ్లాక్‌ను ప్లస్ వైపు లాగుతుంది. ఆఫ్ అయితే వదిలేస్తుంది, అంతే. కిందికి, అంటే జీరో వైపుకి, లాగే పని చాలా సెన్సర్లలో సెన్సర్‌ది కాదు, లోడ్‌ది. లోడ్ విప్పేశాక బ్లాక్ వైరు దేనికీ కట్టుబడకుండా గాల్లో ఉంటుంది. ఆఫ్‌లో ఉన్న ట్రాన్సిస్టర్ గుండా ఎంతో కొంత లీకేజీ కరెంటు కారుతూనే ఉంటుంది. డిజిటల్ మల్టీమీటర్ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ సాధారణంగా 10 మెగా ఓమ్‌లు. అందులోంచి ఒక్క మైక్రోయాంప్ పోయినా మీటరు 10 వోల్టులు చూపిస్తుంది. అదే లీకేజీ 2.2 కిలో ఓమ్‌ల లోడ్ మీద పడితే 2.2 మిల్లీవోల్టులు. లీకేజీ వంద రెట్లు పెరిగినా 0.22 వోల్టే. పీఎల్‌సీకి అది సున్నా కిందే లెక్క.

కొన్ని సెన్సర్లలో లోపలే పుల్-డౌన్ రెసిస్టర్ (అవుట్‌పుట్‌ను జీరోకు లాగేది) ఉంటుంది, అవి లోడ్ లేకపోయినా సున్నా చూపిస్తాయి. అందుకే పక్క మెషీన్ మీద సెన్సర్ ఆఫ్‌లో 0 చూపిస్తే, మనది 8 చూపిస్తోంది కాబట్టి పాడైందనుకుని పారేస్తుంటారు. రెండూ బాగున్నవే కావచ్చు.

కాబట్టి మొదటి సూత్రం: ప్రాక్సిమిటీ అవుట్‌పుట్‌ను ఎప్పుడూ లోడ్ పెట్టే కొలవాలి. 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒకటి టూల్ బ్యాగులో పడేసుకోండి. 24 వోల్టుల దగ్గర దానిలోంచి దాదాపు 11 మిల్లీయాంప్‌లు పోతాయి, 0.26 వాట్ వేడి పుడుతుంది. కాబట్టి పావు వాట్‌ది కాదు, అర వాట్ లేదా ఒక వాట్‌ది తీసుకోండి. 4.7 కిలో ఓమ్‌లదైతే 5 మిల్లీయాంప్‌లే, పావు వాట్‌ది సరిపోతుంది. మీటర్లో లో-ఇంపెడెన్స్ మోడ్ (మీటరే లోడ్‌లా పనిచేసేది) ఉంటే అదీ పనికొస్తుంది. 24 వోల్ట్ రిలేను లోడ్‌గా వాడేటట్టయితే కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఉండి తీరాలి. లేకపోతే పరీక్ష పేరుతో బాగున్న సెన్సర్‌ను మనమే చంపుతాం.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. సెన్సర్ ముందు స్పానర్ పెట్టగానే ప్రోగ్రామ్‌కు అది నిజమైన సిగ్నలే. సిలిండర్ ముందుకు దూకవచ్చు, కన్వేయర్ కదలవచ్చు. ఎయిర్ కట్టేసి, డ్రైవ్ ఎనేబుల్ తీసేసి, పీఎల్‌సీని స్టాప్‌లో పెట్టాకే చేతులు లోపల పెట్టండి. చాలా పీఎల్‌సీల్లో స్టాప్‌లో ఉన్నా ఇన్‌పుట్ లైట్లు మామూలుగానే పనిచేస్తాయి, కాబట్టి పరీక్షకు అడ్డేమీ ఉండదు.

సెన్సర్ దగ్గరే చేసే పరీక్ష. ఎం12 కనెక్టర్ అయితే 1వ పిన్ బ్రౌన్ (ప్లస్), 3వ పిన్ బ్లూ (జీరో), 4వ పిన్ బ్లాక్ (అవుట్‌పుట్). నాలుగు వైర్ల రకంలో 2వ పిన్ వైట్, అది సాధారణంగా నార్మల్లీ క్లోజ్డ్ అవుట్‌పుట్. కేబుల్ కొత్తగా కట్టిన చోట బ్లాక్ బదులు వైట్ టెర్మినల్‌లో దూరి ఉండటం మామూలే, ఒకసారి చూసుకోండి. ఇప్పుడు బ్లాక్‌కూ బ్లూకూ మధ్య రెసిస్టర్ పెట్టి, దాని రెండు కొసల మీదే మీటరు పెట్టండి. ముందు బ్రౌన్-బ్లూ మధ్య సప్లై ఎంతుందో రాసుకోండి, తర్వాత అవుట్‌పుట్.

సప్లై 24 ఉంటే ఆన్‌లో 22 నుంచి 23.5 వరకు రావాలి. మూడు వైర్ల సెన్సర్లో ట్రాన్సిస్టర్ మీద పడిపోయే వోల్టేజీ మామూలుగా 2 వోల్టులలోపే. ఐఈసీ 60947-5-2 ప్రమాణం 3.5 వరకు ఒప్పుకుంటుంది. ఆఫ్‌లో అర వోల్టు కంటే తక్కువ ఉండాలి. ఈ రెండూ సరిగా ఉంటే సెన్సర్‌ను ఇక వదిలేయండి. మీ కేసులో ఇవి సరిగానే వస్తాయని నా అంచనా.

సరిగా రాకపోతే రీడింగుల అర్థం ఇలా ఉంటుంది. ఎల్‌ఈడీ వెలుగుతోంది, బ్రౌన్-బ్లూ మధ్య 24 ఉంది, లోడ్ మీద మాత్రం సున్నా: అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఓపెన్ అయింది. ఎల్‌ఈడీ లోపలి సర్క్యూట్ మెటల్‌ను గుర్తించిందని చెబుతుంది గానీ చాలా సెన్సర్లలో అవుట్‌పుట్ బతికే ఉందని హామీ ఇవ్వదు. ఎల్‌ఈడీ ఆరిపోయినా లోడ్ మీద 23 అలాగే నిలబడితే ట్రాన్సిస్టర్ షార్ట్ అయింది. ఈ రెండిట్లో ఏది జరిగినా, కొత్త సెన్సర్ వేసేముందు కారణం వెతకాలి. డయోడ్ లేని రిలే కాయిల్, లేదా సెన్సర్ మీద నేరుగా వేలాడదీసిన సోలెనాయిడ్ వాల్వ్ సాధారణ నేరస్థులు. సెన్సర్ అవుట్‌పుట్ ఎక్కువ మోడళ్లలో 100 నుంచి 200 మిల్లీయాంప్‌లకే. అంతకు మించిన లోడ్ ఉంటే మధ్యలో రిలే పెట్టి, దానికి 1ఎన్4007 డయోడ్‌ను క్యాథోడ్ ప్లస్ వైపు ఉండేలా కట్టండి.

ఇంకో రకం ఉంది. లోడ్ కలిపినంతసేపు రీడింగ్ 2, 5, 3 అంటూ గెంతుతుంది, ఎల్‌ఈడీ కూడా కొన్ని మోడళ్లలో టపటపా కొట్టుకుంటుంది. ఇది షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్ పని. సెన్సర్ అవుట్‌పుట్‌ను మూసేసి, కాసేపటికి తెరిచి చూసి, షార్ట్ ఇంకా ఉందని మళ్ళీ మూసేస్తుంటుంది. మీటరు ఆ పల్సుల సగటు చూపిస్తుంది. అప్పుడు బ్లాక్ వైరు విప్పి 2.2 కిలో ఓమ్ రెసిస్టర్‌తో చూస్తే మామూలుగా 23 వస్తుంది. అంటే షార్ట్ కేబుల్‌లోనో లోడ్‌లోనో ఉంది.

ఇక మీ 4.8 వోల్టుల దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం లెక్క వేస్తే దారి తేటగా కనబడుతుంది. 24 వోల్ట్ పీఎల్‌సీ ఇన్‌పుట్ రెసిస్టెన్స్ చాలా కార్డుల్లో 3 నుంచి 6 కిలో ఓమ్‌ల మధ్య ఉంటుంది. 4.7 అనుకుంటే, 4.8 వోల్టుల దగ్గర అందులో పోతున్న కరెంటు సుమారు 1 మిల్లీయాంప్. మిగతా 18 వోల్టులు దారిలో పోతున్నాయి. 18 వోల్టులను 1 మిల్లీయాంప్‌తో భాగిస్తే దారిలో ఉండకూడని రెసిస్టెన్స్ దాదాపు 18 కిలో ఓమ్‌లు. అదే 18 కిలో ఓమ్‌లు ఉత్త మీటరుతో కొలిచినప్పుడు ఎందుకు కనబడలేదంటే, మీటరు 10 మెగా ఓమ్‌లు కాబట్టి దాని మీద పడిపోయేది 0.04 వోల్టే. 23 అని చూపిన మీటరు అబద్ధం చెప్పలేదు. మీరు కొలిచింది కరెంటు పారని వైరు మీద, అంతే.

కేబుల్ పొడవు ఎక్కువై వోల్టేజీ పడిపోతోందేమో అని ఎవరైనా చెప్తే నమ్మకండి. 0.25 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 100 మీటర్లకు 7 ఓమ్‌లు. పీఎల్‌సీ ఇన్‌పుట్ లాగే 5 మిల్లీయాంప్‌లకు అందులో పోయేది 0.035 వోల్టు. పాడైన జాయింట్ చేసే పని మంచి కేబుల్ ఎంత పొడవున్నా చేయలేదు.

ఫాల్ట్ వెళ్ళే దారిలో ఉందా, తిరిగొచ్చే దారిలో ఉందా ముందు తేల్చుకోవాలి. బ్లాక్ వైరు ఇన్‌పుట్‌కు బిగించి, మెటల్ ఎదురుగా పెట్టి, ఎల్‌ఈడీ వెలుగుతుండగా రెండు కొలతలు తీయండి. మొదటిది ఇన్‌పుట్ టెర్మినల్‌కూ పీఎల్‌సీ కామన్‌కూ మధ్య. అది మీకు 4.8 అని తెలుసు. రెండోది అదే ఇన్‌పుట్ టెర్మినల్‌కూ, సెన్సర్ బ్లూ వైరు కట్టిన జీరో టెర్మినల్‌కూ మధ్య. రెండోది కూడా 4.8 అయితే ఫాల్ట్ బ్లాక్ వైరు దారిలో ఉంది. రెండోది 23 అయితే బ్లాక్ దారి శుభ్రంగా ఉంది, ఫాల్ట్ జీరో వైపు ఉంది, అంటే పీఎల్‌సీ కామన్‌కూ సెన్సర్ సప్లై జీరోకూ మధ్య లింకు సరిగా లేదు.

జీరో వైపు ఫాల్ట్ ఎక్కువగా రెండు పవర్ సప్లైలు ఉన్న ప్యానెళ్లలో కనిపిస్తుంది. సెన్సర్లకు ఒక ఎస్‌ఎంపీఎస్, పీఎల్‌సీకి ఒకటి, రెండిటి జీరోలు కలపలేదు. కరెంటు సెన్సర్ సప్లై నుంచి బయల్దేరి ఇన్‌పుట్ దాకా వస్తుంది గానీ వెనక్కి వెళ్ళడానికి దారి ఉండదు. అప్పుడు ఏవో లీకేజీల మీద ఆధారపడి 3, 5, 9 ఇలా తలాతోకా లేని అంకెలు కనబడతాయి. సెన్సర్ బ్లూకూ పీఎల్‌సీ కామన్‌కూ మధ్య నేరుగా కొలిస్తే 0.1 వోల్టు దాటకూడదు. దాటితే జీరోలు రెండూ కలపండి. ప్లస్‌లు కలపకండి. ఒక ఇన్‌పుట్ మాత్రమే ఏడిపిస్తూ, అదే కామన్ గ్రూపులోని మిగతా ఇన్‌పుట్లు, అదే సప్లై మీది మిగతా సెన్సర్లు బాగా పనిచేస్తుంటే మాత్రం జీరో వైపు వెతకడం టైమ్ దండగ.

బ్లాక్ దారి అయితే పని సులువే, కాస్త ఓపిక కావాలి. మీటరు బ్లాక్ ప్రోబ్‌ను ప్యానెల్ జీరో మీద స్థిరంగా ఉంచండి. సెన్సర్ ఆన్‌లోనే ఉండాలి, వైరు ఇన్‌పుట్‌కు బిగించే ఉండాలి. ఎర్ర ప్రోబ్‌తో సెన్సర్ నుంచి మొదలుపెట్టి ఒక్కో చోటా ఆగుతూ ప్యానెల్ వైపు రండి: సెన్సర్ కనెక్టర్ 4వ పిన్, జంక్షన్ బాక్స్ టెర్మినల్‌కు వచ్చే వైపు స్క్రూ, అదే టెర్మినల్ బయటికి వెళ్ళే వైపు స్క్రూ, ప్యానెల్ టెర్మినల్ స్ట్రిప్ రెండు వైపులా, చివరికి పీఎల్‌సీ ఇన్‌పుట్ స్క్రూ. 23, 23, 23 అంటూ వచ్చి ఒక్కసారి 4.8 అయిన చోట, ఆ రెండు పాయింట్ల మధ్యే ఫాల్ట్. స్క్రూ మీద పెట్టిన ప్రోబ్ ఒక రీడింగ్ ఇచ్చి, అదే స్క్రూ కింద దూరిన రాగి పోగుల మీద పెడితే ఇంకో రీడింగ్ ఇస్తే, స్క్రూ ఇన్సులేషన్ మీద బిగుసుకుందని అర్థం.

ప్యానెల్ వాళ్ళు ఎక్కువగా కంటిన్యుటీ బజర్‌తో మొదలుపెడతారు. ఈ ఫాల్ట్‌కు అది అంత నమ్మదగింది కాదు. ఒక్క పోగు మిగిలినా బజర్ మోగుతుంది. పైగా బజర్ కోసం కనెక్టర్ విప్పి మళ్ళీ పెట్టగానే పిన్ను మీది మకిలి గీసుకుపోయి కాసేపు బాగుపడుతుంది, ఫాల్ట్ మాయమవుతుంది, వారం తర్వాత మళ్ళీ వస్తుంది. కరెంటు పారుతుండగా వోల్టేజీ కొలవడమే నిజం చెబుతుంది.

వెతకాల్సిన చోట్లు, నా దృష్టిలో అనుమానపు వరుసలో: అన్నిటికన్నా ముందు ఎం12 కనెక్టర్. కూలెంట్, కటింగ్ ఆయిల్, నీళ్ళు తగిలే మెషీన్ అయితే మరీను. విప్పి లోపల చూడండి. బాగున్న పిన్ను బంగారు రంగులో మెరుస్తుంది. పాడైన దాని మొదట్లో పచ్చటి లేదా నల్లటి పొర, సాకెట్ లోపల జిడ్డు తడి కనిపిస్తాయి. ఓ-రింగ్ పక్కకి జరిగి నలిగిపోయి ఉంటుంది, లేదా అసలు ఉండదు. ప్లస్ పిన్నుకూ జీరో పిన్నుకూ మధ్య ఎప్పుడూ 24 వోల్టులు ఉంటాయి కాబట్టి తడి చేరితే పిన్ను కొంచెం కొంచెంగా తినేస్తుంది. ఇంకో మాట, ఆ తడే బ్రౌన్ నుంచి బ్లాక్‌కు లీకేజీ దారి కూడా అవుతుంది. అప్పుడు లోడ్ పెట్టినా ఆఫ్‌లో రెండు మూడు వోల్టులు కనబడతాయి. స్ప్రే కొట్టి తుడిస్తే తాత్కాలికంగా నడుస్తుంది గానీ పచ్చబారిన కనెక్టర్‌ను మార్చడమే మంచిది. కేబుల్ లోపలికి తడి పాకి ఉంటే కొస కోసి చూడండి. రాగి నల్లబడి ఉంటే మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోయాలి, లేదా కేబుల్ మొత్తం మార్చాలి.

తర్వాత కదిలే కేబుల్. డ్రాగ్ చైన్‌లో (కదిలే కేబుళ్లను మోసే గొలుసు) గానీ, సిలిండర్‌తో పాటు ఊగే చోట గానీ రాగి పోగులు లోపలే తెగుతాయి, బయట తొడుగు చెక్కుచెదరదు. మీటరును మిన్-మ్యాక్స్ మోడ్‌లో పెట్టి, ఇన్‌పుట్ మీద ఉంచి, కేబుల్‌ను చేతితో అటూ ఇటూ వంచుతూ రండి. మిన్ ఒక్కసారైనా కిందికి దిగితే దొరికినట్టే.

మూడోది చాలామంది తలుచుకోని చోటు: ఇండికేటర్ ఉన్న ఫ్యూజ్ టెర్మినల్. కొన్ని ప్యానెళ్లలో సిగ్నల్ వైర్లు కూడా ఫ్యూజ్ టెర్మినల్ గుండా వెళ్తాయి. ఫ్యూజ్ పోతే వెలగడానికి అందులో ఫ్యూజ్‌కు సమాంతరంగా ఒక ఎల్‌ఈడీ, సిరీస్ రెసిస్టర్ ఉంటాయి. ఫ్యూజ్ పోయినా ఆ ఎల్‌ఈడీ దారిలో ఒకటి రెండు మిల్లీయాంప్‌లు పోతూనే ఉంటాయి. ఉత్త మీటరుకు పూర్తి వోల్టేజీ కనబడుతుంది, లోడ్ కలిపితే కూలిపోతుంది. అచ్చం మీ లక్షణమే. దుమ్ము పట్టిన ప్యానెల్లో ఆ చిన్న ఎర్ర లైటు కంటికి ఆనదు.

దారి అంతా 23 ఉండి, ఇన్‌పుట్ స్క్రూ మీద కూడా 23 ఉండి, లైటు మాత్రం వెలగకపోతే కార్డు సంగతి చూడాలి. బ్లాక్ వైరు తీసేసి, ప్యానెల్ ప్లస్ నుంచి చిన్న జంపర్‌తో ఆ ఇన్‌పుట్‌ను తాకించండి. వెలగకపోతే ఇన్‌పుట్ పోయినట్టు, ఖాళీ ఇన్‌పుట్‌కు మార్చి ప్రోగ్రామ్‌లో అడ్రస్ మార్చుకోవాలి. జంపర్ తాకించేముందు అది నిజంగా 24 వోల్ట్ డీసీ ఇన్‌పుట్ కార్డేనా, కామన్ జీరోకే కట్టి ఉందా అని చూసుకోండి.

పీఎల్‌సీ ఎంత వోల్టేజీని ఆన్‌గా తీసుకుంటుందో కూడా తెలిసి ఉంటే మంచిది. ఐఈసీ 61131-2 ప్రకారం 24 వోల్ట్ టైప్ 1 ఇన్‌పుట్ 15 వోల్టుల పైన ఆన్, 5 వోల్టుల కింద ఆఫ్. టైప్ 3 అయితే 11 పైన ఆన్. 5కూ 15కూ మధ్య ఏది చూపినా హామీ లేదు. ఒక కార్డు ఆన్ అంటుంది, పక్కది ఆఫ్ అంటుంది, ఉదయం ఒకలా, మెషీన్ వేడెక్కాక ఇంకోలా. మీ 4.8 కచ్చితంగా ఆఫ్. ఇన్‌పుట్ అప్పుడప్పుడు వెలిగి ఆరుతుంటే రీడింగ్ 10, 12 దగ్గర ఉందేమో చూడాలి.

బ్లూ వైరు తెగితే వచ్చే విచిత్రం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఇది చాలామందిని తిప్పలు పెడుతుంది. పీఎన్‌పీ సెన్సర్‌కు బ్లూ తెగిపోతే సెన్సర్ చచ్చిపోవాలి కదా. కొన్ని మోడళ్లలో అలా జరగదు. సెన్సర్ తనకు కావలసిన కొద్ది మిల్లీయాంప్‌లను లోపలి ప్రొటెక్షన్ డయోడ్ గుండా బ్లాక్ వైరులోకి పంపి, పీఎల్‌సీ ఇన్‌పుట్ ద్వారా జీరోకు చేరుస్తుంది. ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంది, మెటల్ ఉన్నా లేకున్నా ఇన్‌పుట్ మీద ఏవో కొన్ని వోల్టులు కూర్చుంటాయి. మెటల్‌తో సంబంధం లేకుండా వోల్టేజీ ఒకేలా ఉందంటే ముందు బ్రౌన్-బ్లూ మధ్య సప్లైని సెన్సర్ కనెక్టర్ దగ్గర కొలవండి, ప్యానెల్ దగ్గర కాదు.

ఇప్పుడు ఇదే సమస్యతో వచ్చే మిగతావాళ్ళ కోసం. మీది ఎన్‌పీఎన్ అయితే రీడింగులన్నీ తలకిందులు. ట్రాన్సిస్టర్ బ్లాక్‌కూ బ్లూకూ మధ్య ఉంటుంది, ఆన్ అయితే బ్లాక్‌ను జీరోకు లాగుతుంది. రెసిస్టర్‌ను బ్రౌన్-బ్లాక్ మధ్య పెట్టి దాని మీదే కొలవాలి: ఆన్‌లో 22 పైన, ఆఫ్‌లో దాదాపు సున్నా. అలవాటు కొద్దీ బ్లాక్-బ్లూ మధ్య కొలిస్తే, ఈ లోడ్‌తో మెటల్ ఉన్నప్పుడు 1 వోల్టు, లేనప్పుడు 24 వస్తుంది. దాన్ని చూసి సెన్సర్ రివర్స్‌లో పనిచేస్తోందని, లేదా నార్మల్లీ క్లోజ్డ్ అని తేల్చేస్తారు. లేబుల్ చెరిగిపోయి ఏ రకమో తెలియకపోతే రెసిస్టర్‌ను ముందు బ్లాక్-బ్లూ మధ్య, తర్వాత బ్లాక్-బ్రౌన్ మధ్య పెట్టి చూడండి. మొదటి దాంట్లోనే రెసిస్టర్ మీద వోల్టేజీ మెటల్‌ను బట్టి మారితే పీఎన్‌పీ, రెండో దాంట్లోనే మారితే ఎన్‌పీఎన్, రెండిట్లోనూ మారితే పుష్-పుల్ (ప్లస్‌కూ జీరోకూ రెండు వైపులా లాగేది). మీ సెన్సర్ మెటల్ చూపినప్పుడు లోడ్ లేకుండానే 23 ఇచ్చింది కాబట్టి అది ఎన్‌పీఎన్ అయ్యే అవకాశం లేదు.

కామన్ జీరోకు కట్టిన కార్డుకు ఎన్‌పీఎన్ సెన్సర్ తగిలించి పుల్-అప్ రెసిస్టర్‌తో (బ్లాక్‌ను ప్లస్ వైపు లాగేది) సర్దుకునేవాళ్ళు ఉన్నారు. పనిచేస్తుంది గానీ రెండు తలనొప్పులు. లాజిక్ తిరగబడుతుంది, అంటే వైరు తెగినా ఇన్‌పుట్ ఆన్‌లోనే ఉంటుంది, లిమిట్ సిగ్నల్‌కు ఇది ప్రమాదం. రెండోది విలువ. 2.2 కిలో ఓమ్ పుల్-అప్, 4.7 కిలో ఓమ్ ఇన్‌పుట్ అయితే ఇన్‌పుట్ మీద 16.3 వోల్టులే, 15 గీత పక్కనే. 1 కిలో ఓమ్ పెడితే 19.8 వస్తుంది గానీ సెన్సర్ ఆన్ అయినప్పుడు రెసిస్టర్‌లో 0.58 వాట్ కాలుతుంది, కనీసం 1 వాట్‌ది కావాలి. సరైన రకం సెన్సర్ తెప్పించుకోండి, లేదా కార్డు ఒప్పుకుంటే ఆ గ్రూపు కామన్‌ను ప్లస్‌కు మార్చండి. అలా మార్చినప్పుడు గ్రూపులో సెన్సర్లన్నీ ఎన్‌పీఎన్‌వే ఉండాలి.

రెండు వైర్ల డీసీ సెన్సర్లలో ఆఫ్‌లో వోల్టేజీ కనబడటం నిజమైన సమస్యే కావచ్చు. అవి బతకడానికి కావలసిన కరెంటు కూడా లోడ్ గుండానే పోవాలి కాబట్టి ఆఫ్‌లో కూడా 0.5 నుంచి 1 మిల్లీయాంప్ దాకా పారుతూ ఉంటుంది. 1 మిల్లీయాంప్ 4.7 కిలో ఓమ్ ఇన్‌పుట్‌లో 4.7 వోల్టులు అవుతుంది, ఆఫ్ గీత 5కి ఆనుకుని. ఇన్‌పుట్‌కు సమాంతరంగా, అంటే ఇన్‌పుట్‌కూ కామన్‌కూ మధ్య, ఇంకో 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ కడితే అది సగమై 2.4కు దిగుతుంది. ఆన్‌లో ఇవి 3 నుంచి 5 వోల్టులు మింగుతాయి. ఒకటుంటే 19 మిగులుతుంది, ఫర్వాలేదు. రెండు సిరీస్‌లో కడితే 14 మిగులుతుంది, టైప్ 1 ఇన్‌పుట్ ఆన్ అవుతుందన్న హామీ లేదు. ఇక రెండు వైర్ల సెన్సర్‌ను లోడ్ లేకుండా నేరుగా 24 వోల్టుల మధ్య తగిలించి 'టెస్ట్' చేయకండి, మెటల్ చూపగానే అది షార్ట్ సర్క్యూట్.

రెండు వైర్లు ఉన్నంత మాత్రాన 24 వోల్టులది అనుకోకండి. నామూర్ రకం కూడా రెండు వైర్లే, బ్రౌన్-బ్లూ. అది 8.2 వోల్టుల మీద, ప్రత్యేక యాంప్లిఫైయర్‌తో పనిచేస్తుంది. దానికి ఆన్-ఆఫ్ వోల్టేజీ ఉండదు, మెటల్ దగ్గరికొస్తే కరెంటు 1 మిల్లీయాంప్ చుట్టూ పడిపోతుంది, దూరమైతే 2.1 పైకి వెళ్తుంది. 24 వోల్టులు నేరుగా ఇస్తే పోతుంది. అలాగే 20 నుంచి 250 వోల్ట్ ఏసీ మీద నడిచే రెండు వైర్లవీ ఉన్నాయి. ప్రోబ్ పెట్టేముందు లేబుల్ చదవండి.

దూరం విషయం కొద్దిగా. ఎల్‌ఈడీ గట్టిగా వెలగకుండా మిణుకుమంటుంటే అవుట్‌పుట్ వోల్టేజీ కూడా వణుకుతుంది, దాన్ని ఎలక్ట్రికల్ ఫాల్ట్ అనుకుంటారు. ఎం12 ఫ్లష్ రకానికి (ముఖం చుట్టూ మెటల్‌తో సమంగా బిగించేది) రేటెడ్ దూరం 2 మిల్లీమీటర్లు అయితే నమ్మకంగా పనిచేసేది దానిలో 81 శాతం, అంటే 1.6. అది కూడా మైల్డ్ స్టీల్‌కు. అల్యూమినియం అయితే సుమారు 0.4తో గుణించాలి, 0.65 మిల్లీమీటరు కూడా మిగలదు. పెయింటు, గ్రీజు మీద ఫిర్యాదు చేయకండి, అవి అడ్డు కావు. ముఖం మీద అంటుకున్న ఇనప రజను మాత్రం సెన్సర్‌ను శాశ్వతంగా ఆన్‌లో ఉంచుతుంది.

చివరగా తిరిగే గేరు, షాఫ్ట్ మీది బోల్టు తలలు లెక్కపెట్టే చోట్లు. అక్కడ మెషీన్ తిరుగుతుండగా మీటరు 12 చూపితే సెన్సర్ సగం చచ్చిందని కాదు. పల్సు సగం సేపు ఆన్, సగం సేపు ఆఫ్, మీటరు సగటు చూపుతోంది. చేత్తో నెమ్మదిగా తిప్పి పన్ను ఎదురుగా ఒకసారి, సందు ఎదురుగా ఒకసారి ఆపి కొలవండి. 22 పైనా, అర వోల్టు కిందా వస్తే వోల్టేజీతో పేచీ లేదు. అప్పటికీ పీఎల్‌సీ లెక్క తప్పుతుంటే ఇన్‌పుట్ ఫిల్టర్ టైమ్ చూడండి. 6 మిల్లీసెకన్ల ఫిల్టర్ పెట్టిన ఇన్‌పుట్, 3 మిల్లీసెకన్ల పల్సును పట్టుకోలేదు. హై-స్పీడ్ ఇన్‌పుట్‌కు మార్చి, ఫిల్టర్ తగ్గించుకోవాలి.